జతలేని డిస్కు

ఈ ఉదయం మా సర్వర్ గదిలో ఉన్న మనుషులు: నేను, స్టోర్ చూసే కాక, పాత సామాను కొనడానికి మోండా మార్కెట్ నుంచి వచ్చిన ఒకాయన. ఉన్న వస్తువులు: ఆయన తెచ్చిన స్ప్రింగు కాంటా, కరెంటు తీసేసిన పాత సర్వర్, పక్కనే అట్టపెట్టె వాసన ఇంకా పోని కొత్త సర్వర్, టేపు విప్పని చిన్న పెట్టె ఒకటి, మూడు టీ గ్లాసులు. గుమ్మం బయట మూడు జతల చెప్పులు.

కాక ఆ కాంటాను నమ్మలేదు. ముందు తన టిఫిన్ డబ్బాను దాని కొక్కేనికి తగిలించి చూశాడు. డబ్బా ఎంత తూగాలో ఆయనకు తెలుసట.

"ఏం కాకా, నా మీద భరోసా లేదా?" అన్నాడు సామాను కొనే ఆయన.

"నీ మీద ఉన్నది బిడ్డా. కాంటా మీదనే లేదు."

డబ్బా సరిగ్గానే తూగినట్టుంది, కాక తల ఊపాడు. పాత సర్వర్‌లోంచి డిస్కులు మాత్రం ముందే తీసి పక్కన పెట్టాం. వాటిలో జనం స్కాన్ బొమ్మలు ఉంటాయి కాబట్టి అవి తూకానికి పోకూడదు, వాటికి చిల్లులు పొడవాలి. డిస్కులు తీసేసిన ఆ అరలు నోరు తెరుచుకుని, జతలు జతలుగా కనిపించాయి. ఆ జతలు చూడగానే నాకు ఈ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జరిగిన గొడవ గుర్తొచ్చింది. కాకకూ వచ్చే ఉంటుంది. ఆయన వెంటనే అటువైపు నుంచి ముఖం తిప్పుకుని కాంటా ముల్లు చూడసాగాడు.

మాది రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత ఇంట్లో నడిచే స్కానింగ్ సెంటర్. సర్వర్ గది ఒకప్పుడు ఆ ఇంటి వంటిల్లు. పొయ్యి గట్టు మీదనే సర్వర్ ఉండేది. వాన పడ్డ రోజున గోడల్లోంచి సన్నగా ఇంగువ వాసన వచ్చేది. వైరు ఏదైనా కాలుతోందేమోనని మొదట్లో నేను మోకాళ్ల మీద కూర్చుని ప్రతి ప్లగ్గునూ వాసన చూసేవాణ్ణి. ఆ సెంటర్లో చేరినవాళ్లందరికీ త్వరలోనే ఏదో ఒకదాన్ని అనుమానించే అలవాటు వస్తుంది. నాకు గోడతో మొదలైంది.

నాకంటే ముందు ఆ గది చూసిన మనిషిని అందరూ మాస్టారు అనేవారు. గోదావరి వైపు నుంచి వచ్చి బొల్లారంలో స్థిరపడ్డ మనిషి. ఆదివారాలు చర్చిలో మైకులు, స్పీకర్లు చూసేది కూడా ఆయనే. ఎవరినైనా అండీ అనే పిలుస్తారు, సర్వర్‌తో సహా. ఒక బడిలో కంప్యూటర్ విభాగం చూసే పని దొరికి, మా దగ్గర రాజీనామా ఇచ్చారు. మా సెంటర్లో రాజీనామా ఇచ్చిన మనిషి ఆ రోజు నుంచే సగం దొంగ. సాయంత్రానికల్లా పాస్‌వర్డులు మారుస్తారు, తాళాలు అడుగుతారు, సంచి విప్పి చూపమంటారు. మాస్టారి సంచిలో ఆ రోజు దొరికినవి ఒక గొడుగు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. బిస్కెట్లు సెంటర్‌వా, సొంతవా అన్న సంగతి మీద కొంత చర్చ కూడా జరిగిందని తరువాత విన్నాను.

ఆయన వెళ్లిపోయాక చేరిన నాకు మేడమ్ అప్పగించిన మొదటి పని చిన్నదే. మేడమ్ అంటే సెంటర్ మేనేజర్, అద్దాల గదిలో కూర్చుని అందరి రాకపోకలు చూసే ఆవిడ. స్కాన్ బొమ్మలు దాచే చోటు నిండిపోవచ్చింది, కొత్త డిస్కు తెప్పించాం, దాన్ని కలిపి చోటు పెంచు. అంతే. ఆ బొమ్మలు ఉండే చోటు రెండు పాత డిస్కుల మీద చారలుగా పరిచిన ఒక వాల్యూమ్. అంటే బొమ్మను ముక్కలు చేసి ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు రాసుకుంటూ పోతుంది. రెండు డిస్కులూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి వేగం. పుస్తకంలో ఇదంతా చదివే వచ్చాను. కొత్త డిస్కు పెట్టాను, పాత డిస్కుల గుంపులో చేర్చాను, వాల్యూమ్ పెంచమని ఆజ్ఞ ఇచ్చాను. సరిపడా ఖాళీ లేదు అంది సర్వర్‌ను నడిపే యూనిక్స్.

ఖాళీ ఎంత ఉందని అడిగాను. రెండు టెరాబైట్లు అంది. అందులో నాలుగో వంతు పెంచమన్నాను. ఖాళీ లేదు. ఇంకా చిన్న ముక్క అడిగాను. లేదు. తెర మీద ఒక వరుసలో ఉంది, కింద వరుసలో లేదు. రెండూ చెప్పేది ఒకటే యంత్రం. సాక్షి ఇలా మాట్లాడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. డిస్కు నకిలీదా? వైరు సరిగా కూర్చోలేదా? అర పాడైందా? ఒక్కొక్కటీ చూసి కొట్టేస్తూ వచ్చాను. డిస్కు అసలుదే. అర మార్చినా అదే జవాబు. వాల్యూమ్‌కు ఎవరైనా ఇంతకు మించి పెరగకూడదని హద్దు పెట్టారేమో చూశాను. అలాంటిదేమీ కనబడలేదు. కనబడకపోవడంతో అనుమానం తగ్గలేదు, ముదిరింది.

ఇంతలో మేడమ్ నోట ఒక మాట వచ్చింది. "లాక్ పెట్టి పోయాడు" అన్నారు. "సింపుల్. మనం మళ్లీ కాళ్ల మీద పడి పిలవాలని." ఆ మాట సాయంత్రానికి సెంటరంతా తిరిగింది. ఎక్స్‌రే తీసే అబ్బాయి కూడా, ఎంత పెద్ద లాక్ అన్నా, అని నన్ను అడిగాడు. దానితో ఇంకో పని జరిగింది. మాస్టారికి ఇవ్వాల్సిన రిలీవింగ్ లెటర్ మేడమ్ సొరుగులో ఆగిపోయింది. లాక్ తీసేదాకా లెటర్ లేదు. అక్కడ బడివాళ్లేమో తరగతులు మొదలయ్యేలోగా ఆ లెటర్ తేకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. అంటే ఇక్కడ పని వదులుకున్న మనిషికి అక్కడ పని అందకుండా పోతుంది. ఆయన తలుపు తెరుచుకోవడం నా తెర మీద ఒక వరుస మారడం మీద ఆధారపడి ఉంది.

నేను ఆయన పక్షం అని చెప్పలేను. ఆయన ఆఖరి రోజున ఇచ్చిన ఆజ్ఞలు యంత్రంలో మిగిలే ఉన్నాయి. చూస్తే ఏ ముక్క ఏ డిస్కు మీద ఉందో చూపే ఆ వాల్యూమ్ పటాన్నే మళ్లీ మళ్లీ తెరిచి చూశారు. వెళ్లిపోయే మనిషికి దాంతో ఏం పని? దోచుకోబోయే ఇంటి చుట్టూ తిరిగినట్టు అనిపించింది నాకు.

ఇక కాక సంగతి. కాక అనుమానానికి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో ఆయన స్టోర్ నుంచి జతగా ఇచ్చిన మౌసుల్లో ఒకటి ఎవరింటికో నడిచి వెళ్లిపోయిందట. అప్పటినుంచి ఎవరు ఎన్ని అడిగినా అందులో సగమే ఇస్తాడు. నర్సులు నాలుగు డబ్బాల గ్లవ్స్ అడిగితే రెండు. ఆయా రెండు సీసాల ఫినాయిల్ అడిగితే ఒకటి. ఆ సంగతి తెలిసి నర్సులూ, ఆయా, డాక్టర్లూ అందరూ అవసరానికి రెట్టింపు అడగడం నేర్చుకున్నారు. వాళ్లు రెట్టింపు అడుగుతారని కాకకు తెలుసు, కాక సగం కోస్తాడని వాళ్లకు తెలుసు. అలా అందరికీ సరిగ్గా కావలసినంతే అందేది. అనుమానం మీద ఇంత చక్కగా నడిచే ఏర్పాటు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. కొత్తవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక పెన్ను అడిగితే కాక చాలాసేపు ఆలోచించి, "రీఫిల్ సాలదా?" అన్నాడు.

చివరికి ఎవరికీ చెప్పకుండా ఒక సాయంత్రం బొల్లారం బస్సు ఎక్కాను. మాస్టారి ఇంటి తలుపు గొలుసు తీయకుండానే తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను, కళ్లద్దం కనిపించాయి.

"మేడమ్ పంపారా బాబూ?"

"లేదండీ, నేనే వచ్చాను."

"ముందు అలాగే అంటారు. ఫోను ఆ కిటికీలో పెట్టి రండి. మాటలు రికార్డు చేసుకుంటున్నారేమో ఎవరికి తెలుసు?"

ఫోను కిటికీలో పెట్టాను. గొలుసు ఊడింది. లోపల ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి, నేను గ్లాసు వంక చూడడం చూసి, "తాగండి నాయనా, అందులో ఏమీ కలపలేదు" అన్నారు. వెక్కిరింపో మర్యాదో తేల్చుకోలేక మొత్తం తాగేశాను.

లాక్ గురించి అడిగాను. "లాకా? ఏం లాకండీ? అంత తెలివుంటే ఇన్నేళ్లు ఆ వంటింట్లో కూర్చుంటానా?" అన్నారు మాస్టారు. మరి ఆఖరి రోజున ఆ పటం అన్నిసార్లు ఎందుకు చూశారని అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. "వచ్చేవాడికి ఇబ్బంది ఉండకూడదని. ఏమేం కావాలో సరిచూసుకుని స్టోర్‌కు ఇండెంట్ రాసి పెట్టాను బాబూ. డిస్కులు రాకముందే నా పాస్‌వర్డు పీకేశారు. వచ్చినవి నేను కళ్లతో చూడలేదు." తరువాత, పని గుర్తొచ్చిన మనిషిలా గొంతు మార్చి, "ఇంతకీ రెండూ ఒకే సైజువేనా?" అన్నారు.

"రెండు ఎక్కడివండీ? వచ్చింది ఒకటే. రెండు టెరాబైట్లది."

"ఒకటా?"

ఆయన లేచి లోపలికి వెళ్లి ఒక గిన్నెలో వేయించిన వేరుశనగ గింజలు, రెండు స్టీలు గ్లాసులు తెచ్చారు. నాకు పెడతారనుకుని చెయ్యి చాచాను. ఆయన నా చేతిలో గింజలు పోసి, "వెయ్యండి. ఒకటి ఇందులో, ఒకటి అందులో. వరుస తప్పకూడదు" అన్నారు. వేశాను. గ్లాసులు నిండాయి. అప్పుడు ఆ పక్కనున్న పెద్ద చెంబును ముందుకు జరిపి, "ఇదిగో మీ కొత్త డిస్కు. ఎంత చోటుందో చూడండి. వెయ్యండి" అన్నారు.

ఒక గింజ చెంబులో వేశాను. రెండో గింజ పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"అది ఎక్కడ వేస్తారు?" అన్నారు మాస్టారు. "అదే అంటోంది అది. ఖాళీ ఉంది. కానీ దాని పక్కన ఉండాల్సిన రెండోది లేదు. అది అబద్ధం చెప్పలేదండీ. మీరే దాన్ని అనుమానించారు."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నారు. "తినే గింజలతో ఏమిటీ లెక్కలు" అని గ్లాసులు రెండూ నా ముందుకు తోశారు. అప్పుడు తిన్నాం.

మర్నాడు కాక దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు. "నిన్న బొల్లారం వోయినవట. బస్సుల మా మరదలు చూసింది. ఏందీ, ఇద్దరు గల్సి ఏమన్న షురూ జేసిండ్రా?"

"మాస్టారు రెండు డిస్కులు అడిగితే ఒకటే ఎందుకు తెచ్చినవ్ కాకా?"

"రెండు అడిగిండు. అందరు డబుల్ అడుగుతరు, నాకు ఎర్కలేదా? గందుకే ఒకటి తెచ్చిన." కాక ఛాతీ విరిచాడు. "అయినా అన్యాయం జెయ్యలే. రెండిట్ల పట్టే జాగ ఒక్కదాంట్లనే వచ్చేటట్టు చూసిన. దుకాణపాయన సుత శభాష్ అన్నడు."

ఆ క్షణంలో నాకు మొత్తం బోధపడింది. ఆ సెంటర్లో ఉన్నది ఉన్నట్టు అడిగిన మనిషి మాస్టారు ఒక్కరే. ఆ ఏర్పాటులో అలాంటి మనిషికి చోటు లేదు.

రెండో డిస్కు కావాలన్న మాట కాక నోట మేడమ్ గదికి నాకంటే ముందు చేరింది. నేను వెళ్లేసరికి కాక గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "నేను నెట్‌లో చూశాను" అన్నారు మేడమ్. "ఉన్న డిస్క్‌నే రెండు పీసులు చేసి, రెండు డిస్కులు అని సిస్టమ్‌కి చెప్పొచ్చంట కదా? ఇంకోటి ఎందుకు?"

అది నిజమే. చెప్పొచ్చు. ఆ కట్టడంలో ఎవరేం చెప్పినా నమ్మేది ఆ యంత్రం ఒక్కటే. కాని అప్పుడు ఒకే డిస్కు అటూ ఇటూ పరుగెత్తుతూ రెండు డిస్కుల పని చేయాలి. డాక్టరు ముందు బొమ్మ తెరుచుకోవడానికి మనిషి ఆవులించేంత సేపు పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. "అలా చేస్తే నడుస్తుంది మేడమ్" అన్నాను. "కానీ అప్పుడు నేనే ఏదో దొడ్డిదారిన లాక్ దాటానని అంటారు. లాక్ లేదని తేలదు. మాస్టారి లెటర్ సొరుగులోనే ఉంటుంది."

"గాయన మీద ఇంత ప్రేమ ఏందో" అన్నాడు కాక, గాలిలోకి.

నేను కాక కాళ్ల వంక చూశాను. "కాకా, నీ చెప్పుల నంబరెంత?"

"ఎనిమిది. ఎందుకు?"

"ఈసారి ఎనిమిది నంబర్ జత బదులు పదహారు నంబర్‌ది ఒక్కటే తెస్తా. రెండిటి జాగ ఒక్కదాంట్లనే ఉంటది. తొడుక్కుంటవా?"

మేడమ్ పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. కాక తన కాళ్లను ఒకసారి చూసుకున్నాడు. "పదారు నంబర్ యాడ దొర్కుతది?" అన్నాడు. అడగడం పూర్తయ్యేలోపే ఆయన ముఖంలో ఏదో కదిలింది. మెల్లగా, "జత అని రాయాలె గద. రెండు అంటే ఈడ ఒకటని ఎవనికి ఎర్కలేదు?" అన్నాడు. ఆయన తప్పు ఒప్పుకున్న పద్ధతి అది. నేను వెంటనే పుచ్చుకున్నాను.

కాకే వెళ్లి దుకాణంవాడితో గట్టిగా మాట్లాడి ఆ పెద్ద డిస్కు తిరిగి ఇచ్చి, దానికి బదులు చిన్నవి రెండు తెచ్చాడు. ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకుని, ఎవరూ తాకకుండా, వంటిల్లు దాకా నడిచి వచ్చాడు. మేడమ్ కూడా వచ్చారు, చెప్పులు బయట విడిచి. రెండిటినీ అరల్లో పెట్టాను, గుంపులో చేర్చాను. మొదటి రోజు ఇచ్చిన ఆజ్ఞే, ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ ఇచ్చాను. వాల్యూమ్ పెరిగింది అని ఒక వరుస వచ్చింది. ఇంకేమీ జరగలేదు. దీపాలు కూడా వెలగలేదు.

"అంతేనా?" అన్నారు మేడమ్.

"అంతే మేడమ్."

"ఇంత ఈజీ అయితే ఇన్ని రోజులు ఏం చేశావ్?" ఆ చూపు నాకు బాగా తెలుసు. అది మాస్టారి మీద నుంచి లేచి నా మీద వాలింది. కాని సొరుగు మాత్రం తెరుచుకుంది. లెటర్ మీద సంతకం పడింది. ముద్ర కాక దగ్గర ఉంటుంది కాబట్టి కాగితాలు పట్టుకుని స్టోర్‌కు వెళ్లాను.

"ఎన్ని కాపీలు?" అన్నాడు కాక.

"రెండు. బడిలో ఒకటి ఇవ్వాలట, ఒకటి ఆయన దగ్గర ఉంచుకుంటారట."

కాక కాగితాలు అందుకుని రెండూ లెక్కపెట్టాడు. ముద్రను నోటి దగ్గర పెట్టుకుని ఊది, ఒక కాగితం మీద వేశాడు. ఆగాడు. తరువాత రెండో దాని మీద కూడా వేసి, "రెండోది నిజంగ ఆయనకేనా?" అన్నాడు.

మాస్టారు తరగతులకు ముందే బడిలో చేరారు. మళ్లీ మా సెంటర్ గడప తొక్కలేదు. కాకపోతే ప్రతి క్రిస్మస్‌కు ఇంట్లో చేసిన కేకులు రెండు పంపుతారు, ఒకటి నాకు, ఒకటి కాకకు. కాక తన కేకులోంచి ఒక ముక్క కోసి ముందు నన్ను తినమంటాడు. నేను తిని, కాసేపు బాగానే తిరగడం చూశాక, మిగతాది ఇంటికి తీసుకుపోతాడు. కేకు బాగుందని మాత్రం ఇంతవరకు అనలేదు. "పోయినేడు ఇంకింత పెద్దగ ఉండె" అంటాడు.

మేడమ్ ఇంకో చోటికి వెళ్లిపోయారు. ఆవిడ సంచి కూడా విప్పించే పంపారు. నేను ఈ సెంటర్ పద్ధతికి త్వరగానే అలవాటుపడ్డాను. రెండు వైర్లు కావాలంటే నాలుగు రాసేవాణ్ణి, నాలుగు కావాలంటే ఎనిమిది. జతగా ఉండాల్సిన వాటికి పక్కన జత అని కూడా రాసేవాణ్ణి. ఎన్నడూ లోటు రాలేదు. కొత్త సర్వర్‌కు డిస్కులు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం రెట్టింపు రాయడానికి ఎందుకో చెయ్యి ఆడలేదు. నాలుగు కావాలి. నాలుగు అనే రాశాను. జత అన్న మాట కూడా రాయలేదు. కాక ఆ కాగితం చూసి ఏమీ అనలేదు. నిన్న టేపు విప్పని ఈ పెట్టె తెచ్చి గట్టు మీద పెట్టి, దాని గురించి కూడా ఏమీ అనలేదు. కాక ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. పెట్టె నాలుగిటికి కాస్త చిన్నదిగానే ఉంది.

సామాను కొనే ఆయన పాత సర్వర్‌ను భుజానికెత్తుకున్నాడు. కాక దాన్ని రెండుసార్లు తూయించాడు, రెండుసార్లూ ఒకటే వచ్చింది. అప్పటికి కూడా పూర్తిగా నమ్మకం కుదరక, ఆటో దాకా వెంట నడిచాడు. కిటికీలోంచి చూస్తే ఆయన నడక నెమ్మదించినట్టు కనిపించింది. ఆ మోకాళ్లలోకి వయసు ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. ఇన్నేళ్లూ ఆయన చేతిలో ఏముందా అనే చూస్తూ ఉండిపోయాను, ఆ పక్కనుంచి కాలం దాని మానాన అది నడిచిపోయింది.

ఆయన తిరిగి వచ్చేలోపు టేపు కోశాను. పెట్టె మూత తీసి లెక్కపెట్టాను. నాలుగు.